సుశీలమ్మకు నేను చెప్పని మాట

ఆరేళ్లుగా ఒక విషయం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

బెంగళూరులో ఒక ప్రభుత్వ శాఖలో నా ఉద్యోగం. మేధో వైకల్యం ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లకు ఎలాంటి సాయం కావాలో ఫారంలో రాసుకురావడం నా పని. ఆ ఫారంలో ఒక తిరకాసు ఉంది. స్నానం, తిండి, బట్టలు, వీటిలో ఏ పని సొంతంగా చేసుకోలేకపోతే దానికి మార్కులు. ఎక్కువ మార్కులొస్తే వసతి గృహంలో చోటు. తక్కువొస్తే పగటి కేంద్రం, సాయంత్రానికి ఇల్లు. అందుకే మంచి రోజు సంగతి కాదు, అన్నిటికన్నా చెడ్డ రోజు సంగతి చెప్పాలి. ఇది ఎక్కడా రాసి ఉండదు. తెలిసినవాళ్లు వస్తే చెవిలో చెబుతాం.

సుశీలమ్మకు నేను చెప్పలేదు.

ఆమెది పాత పేటలో ఒకే గది ఇల్లు. భర్త పోయాక చీరలకు ఫాల్స్ కుట్టి బతికేది. కూతురు లలితకు ముప్పై దాటాయి. తన తర్వాత లలితకు దిక్కెవరూ లేరు, వసతి గృహంలో చోటివ్వమని అర్జీ పెట్టుకుంది. తెలుగుదాన్నని ఆ ఫైలు నాకిచ్చారు.

నేను వస్తున్నానని ఆమె ఇల్లు కడిగింది. లలితకు కొత్త చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టింది. లలిత రెండు చేతులతో కాఫీ లోటా పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ తెచ్చి నాకిచ్చింది. నెల రోజులు నేర్పించానని తల్లి పొంగిపోయింది. పిల్ల పరీక్ష పాసవ్వాలన్నట్టే ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. స్నానం తనే చేస్తుందంది. అన్నం తనే తింటుందంది. తల్లి ముంజేతి మీద పంటి గాట్లు ఉన్నాయి. స్నానాల గదికి గడియ బయటివైపు ఉంది. అన్నీ చూశాను. చివర్లో ఆమె నా మొహంలోకి చూసింది.

“అన్నీ తనే చేసుకుంటాది మేడమ్. ఇంతే సాలునా, ఇంగేమన్నా చెప్పాల్నా?”

“చాలమ్మా,” అన్నాను.

ఆ ఏడాది వసతి గృహంలో ఖాళీ అయింది ఒక్క చోటే. దానికి మా చిన్నమ్మ కొడుకు అర్జీ కూడా ఉంది. వాడి ఇంటికి వెళ్లింది నా తోటి ఉద్యోగే అయినా, వారం ముందే చిన్నమ్మను కూర్చోబెట్టి ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో నేర్పింది నేను. వాడికి మాత్రం అవసరం లేదా? ఉంది. చిన్నమ్మ చెప్పినవి అబద్ధాలా? కావు. మరి నా తప్పేమిటని నన్ను నేను ఎన్నిసార్లు సమర్థించుకున్నా, చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగిపోతాను. సుశీలమ్మ నన్ను అడిగింది కదా?

చోటు మావాడికే వచ్చింది. లలిత పగటి కేంద్రానికి వెళ్లింది. నిరుడు సుశీలమ్మ గుండె ఆగి పోయింది. లలితను వసతి గృహంలో చేర్చాలంటే ఫైలు అడ్డొచ్చింది. ‘అన్ని పనులూ సొంతంగా చేసుకోగలదు.’ కింద నా సంతకం. చివరికి ఊరి బయట, జిగణి అవతల ఒక అనాథాశ్రమంలో వేశారు.

పోయిన నెల వెళ్లాను. జుట్టు కత్తిరించేశారు. ఎవరిదో నైటీ వేసి ఉంది. మనిషి సగమైంది. కంచం ముందు పెడతాం, తింటే తిన్నట్టు అని అక్కడి ఆయా మామూలుగా చెప్పింది. లలిత నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. కాసేపు చూసి లేచింది. రెండు చేతులూ దగ్గరగా చేర్చి, ఖాళీ చేతులతోనే, అడుగులో అడుగేసుకుంటూ నా దాకా వచ్చి నిలబడింది. నేను చేతులు చాచి అందుకున్నాను. ఇంకేం చేయను?

ఫారం మళ్లీ రాయాలంటే మొదటిది తప్పని నేను రాసివ్వాలి. ఎందుకు తప్పు రాశావని అడుగుతారు. అప్పుడు మావాడి ఫైలూ బయటికొస్తుంది. రెండుసార్లు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. రాయలేదు. రాస్తానని మీకు మాటివ్వలేను కూడా. నా మీద నాకే అసహ్యం.

అక్కడ రాయాల్సింది ఇక్కడ రాశాను. గొంతులో అడ్డం కాస్త జరిగింది, ఊపిరి ఆడుతోంది. లలిత మాత్రం ఇంకా అక్కడే ఉంది.