రెండు వేళ్ళ గుడ్డ

మా దారాలక్క నోట్లో నాలుక లేని మనిషి. నాకు తోడబుట్టింది కాదు. కోట వెనక కుట్టు గదిలో ఆమె మిషనూ నా ఇస్త్రీ బల్లా పక్కపక్కనే, అంతే. మెడ చుట్టూ ఎప్పుడూ దారప్పోగులు వేలాడుతుంటాయి గనక ఆ పేరు. ఏది కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేది. "మనిషన్నాక ఒళ్ళు చేస్తుందే, బట్ట కూడా సర్దుకోవాలి కదా" అనేది.

యువరాజుగారికి పెళ్ళాం కావలసి వచ్చింది. ఆయన మొహం మండ, ఆయనకి కావలసి వస్తే ఊళ్ళో పెళ్ళీడు పిల్లలందరూ పోటీకి పోవాలట! గెలిచిన పిల్ల మళ్ళీ పుట్టింటి గడప తొక్కకూడదు. ఓడిన పిల్ల ఇంటికి. మొదటి రోజు కొలతలకి అందరికీ గౌన్లు కుట్టించారు. వారం వారం అదే గౌను తొడిగి చూస్తారు. హుక్కు పడలేదా, మూట సర్దుకోవడమే.

దారాలక్క ఒక్కగానొక్క కూతురూ పోటీకి పోయింది. ఇద్దరూ ఒకే కోటలో ఉన్నా మాట్లాడుకోకూడదు, అడుగడుగునా కాపలా. అక్కకి కూతురు కనబడేది నడవాలో పోటీ చూపించే టీవీలోనే. అందులో పిల్ల యువరాజు పక్కన కూర్చుని తెగ నవ్వుతుండేది.

"నవ్వమంటే నవ్వక ఏం చేస్తుందక్కా?" అన్నాను.

"కాదే, దానికి మనసైంది. నా కూతురి నవ్వు నాకు తెలీదా?"

చివరి వారం గౌన్లు ఇస్త్రీకి వచ్చాయి. కూతురి గౌను నడుము దగ్గర కుట్టు సాగిపోయి ఉంది.

"అయ్యో, పిచ్చిపిల్ల నోరు కట్టుకోలేకపోయిందే! ఇంతదాకా వచ్చి హుక్కు దగ్గర ఓడిపోతుందా?" అంది అక్క.

"ఓడిపోనీ, ఇంటికొస్తుంది. నీకేం నష్టం?"

"నాకు కాదే, దానికి."

దొరికితే జైలే. అయినా కుట్టు విప్పి, లోపలి గుడ్డంతా బయటికి తీసి వదులుగా మళ్ళీ కుట్టింది. నా చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుని, పాత గీత కనబడకుండా తనే రుద్దింది.

కొలతల రోజు గౌన్లు సర్దడానికి మమ్మల్నీ పిలిచారు. పిల్ల హుషారుగా వచ్చి నిలబడింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కొలతలావిడ వెనక నుంచి లాగింది. హుక్కు ఇట్టే పడింది. పిల్ల మొహం పాలిపోయింది. నడుము తడుముకుంటే వేలు కొత్త కుట్టు దగ్గర ఆగింది.

అంచు సరిచేయడానికి అక్క వంగినప్పుడు పిల్ల గొణిగింది. పక్కనే ఉన్నాను గనక నాకూ వినబడింది.

"వదులు చేశావా అమ్మా? ఇంటికొచ్చేద్దామనేగా, కక్కొచ్చేదాకా తిన్నాను."

గౌను మార్చారని ఒక్క మాటంటే పిల్ల బయటపడేది, తల్లి లోపలికి పోయేది. పిల్ల ఆ మాట అనలేదు. కాపలావాళ్ళ వైపు తిరిగి నవ్వింది. టీవీలో నవ్విన నవ్వే అది. అది పైపై నవ్వేనని అక్క అప్పుడు గుర్తుపట్టింది, ఏం లాభం? మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే.

ఆ పిల్ల ఇప్పుడు యువరాణి. ఇంటికి రాలేదు, రాదు.

ఇప్పుడు చిన్న యువరాజుకి పెళ్ళి పోటీ పెట్టారు. మళ్ళీ గౌన్లే. అక్క లోపల గుడ్డ వదలడం మానేసింది. మిగిలిన గుడ్డ కుట్టు అంచుదాకా కత్తిరించి పారేస్తోంది.

"ఏంటక్కా, ఇంత బిగువా?"

"పిల్లలు ఇళ్ళకి పోవాలి కదే."

ఎంత బిగించినా ఎవరో ఒక పిల్లకి సరిపోతుందక్కా అనబోయాను. ఆమె మొహం చూసి ఇస్త్రీపెట్టె అందుకున్నాను.