మునగపాక రోడ్డు మీద ఒంటె

మా ఉస్తాదుకి కళ్ళు పోయాకే నా నోటికి అసలైన పని దొరికింది. అంతవరకూ ఆ నోటిని ముయ్యమన్నవాళ్ళే అందరూ. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు పాఠం చెబుతుంటే, వెనక బెంచీలో కూర్చుని ఆయన గొంతుతోనే నేను ఇంకో పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలకి నాదే బాగా అర్థమయ్యేది. నేను బడి మానేశానని మా అమ్మ అందరికీ చెప్పుకుంది గానీ, ముందు నన్ను మానేసింది బడే. మా నాన్న నా చెయ్యి పట్టుకుని అనకాపల్లి తీసుకొచ్చి, మోటారు సైకిళ్ళకి సీట్లు కుట్టే దుకాణంలో ఉస్తాదు ముందు నిలబెట్టాడు.

"ఈడికి ఏటొచ్చు?" అని అడిగాడు ఉస్తాదు.

"మాటలొచ్చు బావూ" అన్నాడు మా నాన్న తల దించుకుని.

"మాటల్తో సీటు కుట్టలేం. దబ్బనం అట్టుకోమను."

పట్టుకున్నాను. ఇప్పటికీ వదల్లేదు. ఇప్పుడా దుకాణం నాదే. ఫోము కొయ్యడం, రెక్సిన్ లాగి కుట్టడం, ఎవడి సీటు ఎక్కడ నొప్పెడుతుందో వాడి నడక చూసి చెప్పడం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఉస్తాదుకి భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. తిట్టుకోవడానికి నేనే ఉన్నాను.

ఆయన కళ్ళు షుగరు తినేసింది. "బెల్లం ఊళ్ళో ఉండి షుగరుతో కళ్ళు పోగొట్టుకుంటావా ఉస్తాదూ, ఊరి పరువు తీసీసేవు కదా" అనేవాణ్ణి. నవ్వేవాడు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆయన్ని నా బండి వెనక ఎక్కించుకుని తిప్పేవాణ్ణి. ఎక్కువగా మునగపాక వైపే. దానికి మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. వాసన ఆయన చెప్పాలి, చూపు నేను చెప్పాలి. బెల్లం వండుతున్న చోటు రాకముందే ఆయన ముక్కు పైకెత్తి, "పాకం ముదిరిపోతందిరా, ఈడెవడో నిద్దరోతన్నాడు" అనేవాడు. నేను చెరుకు తోట రంగు, కొంగలు, ఎదురొచ్చే లారీ, ఆ లారీ మీద పడుకున్నవాడి లుంగీ రంగు, అన్నీ చెప్పేవాణ్ణి. గతుకు వచ్చే ముందు మాత్రం జోకులు ఆపి, "గతుకు ఉస్తాదూ" అనాలి. ఆయన నా భుజం నొక్కి కాస్త పైకి లేచేవాడు. ఆ ఒక్క మాట మీద నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

మిగతావన్నీ అబద్ధాలే. ఖాళీ రోడ్డు వస్తే నా నోరు ఊరుకోదు కదా. అత్తగారు కోడల్ని చెప్పుతో తరుముతోందనేవాణ్ణి. మేక ఒకటి సెల్‌ఫోన్‌లో మాట్లాడుతోందనేవాణ్ణి. ఒకరోజు ఏమీ తోచక, "ఒంటె ఎళ్తంది" అన్నాను.

"ఒంటేటిరా సైతాన్! మునగపాక రోడ్డు మీద ఒంటేటి?"

"ఏటో మరి. బెల్లం తిందామని వచ్చీసిందేమో."

"మేకంటే నమ్మేను. ఒంటె మాత్రం నమ్మను. బండాపు, దిగిపోతాను."

నిజంగానే దిగాడు. రోడ్డు మధ్యలో కర్ర తాటించుకుంటూ, "ఏదీ, ఎక్కడుంది, తోక అట్టించు" అని నిలబడ్డాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆ రోజు నుంచి దుకాణంలో ఎవడు గొప్పలు చెప్పినా, ఫోము వ్యాపారి ఈ సరుకు జన్మంతా అణగదని చెప్పినా, ఉస్తాదు మూల నుంచి ఒకటే మాట అనేవాడు. "ఒంటె!"

చూపు పూర్తిగా పోక ముందు ఆయన కుట్టిన ఆఖరి సీటు నా బండి వెనక సీటే. "కూకునీది నేనే కదా, నేనే కుడతాను" అని పట్టుపట్టాడు. వేళ్ళతో తడుముకుంటూ కుట్టాడు. కుట్టు బాగానే మొదలై, మధ్యలో దారి తప్పి, మళ్ళీ గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది.

"ఎలాగుందిరా?"

"బుచ్చయ్యపేట రోడ్డులాగుంది. మజ్జిలో మలుపులు."

"అయితే పడిపోకండా కూకోవాలి" అన్నాడు, దాన్ని నిమురుతూ.

ఓ వానాకాలం ఆయన పోయాడు. ఈ వాక్యంలో ఒక జోకు పెట్టాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఖబరస్తాన్‌లో మట్టి వేసి బయటికి వచ్చాక బండి ఎక్కి, అలవాటు ప్రకారం దాన్ని కాస్త ఎడమకి వంచి, కాలు ఆనించి ఆగాను. ఎవరూ ఎక్కకపోయేసరికి ఎందుకు ఆగానో తెలిసింది.

ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చాయి. బండి మీద ఒంటరిగా పోతే మనసు తేలికవుతుందని కుర్రాళ్ళు చెబుతుంటారు. నాకేమీ తేలిక కాలేదు. కళ్ళు చూస్తూనే ఉండేవి, చూసినవి ఎక్కడ దించాలో తెలిసేది కాదు. ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పాను. మా ఆవిడ, "అలాగా" అంటుంది, పొయ్యి మీద గిన్నె వైపు చూస్తూ. ఆమె తప్పు లేదు. ఆమెకి కళ్ళున్నాయి, కావలసినవి ఆమే చూసుకుంటుంది. నా మాటలతో తప్ప లోకం కనపడని మనిషి ఒక్కడే ఉండేవాడు.

అలాంటి రోజుల్లో ఊళ్ళోని మోటారు సైకిల్ క్లబ్బువాళ్ళు సీట్ల పని మీద దుకాణానికి వచ్చారు. వాళ్ళ ప్రెసిడెంటు టైల్స్ వ్యాపారి, నాకంటే చిన్నవాడు, మంచివాడే. నా నాలుగు మాటలకి కడుపు పట్టుకుని నవ్వి, "మామా, నువ్వు మాతో వచ్చీయాలి. నువ్వుంటే దారంతా నవ్వులే" అన్నాడు. దారంతా అన్న మాట నాకు అంటుకుంది. సరేనన్నాను.

మొదటి ఆదివారం తెల్లారుతూనే బైపాస్ దగ్గర కలిశాం. వాళ్ళ బండ్లు గేదెల్లా ఉన్నాయి, నాది వాటి మధ్య మేకపిల్ల. అందుకని నన్ను చివర పెట్టారు. బుచ్చయ్యపేట వైపు బయల్దేరాం. వాళ్ళ దగ్గర ఒక పద్ధతి చూశాను. ముందు బండివాడు గతుకు చూస్తే ఆ వైపు కాలు చాపుతాడు. అది చూసి వెనకవాడు చాపుతాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. అలా కాలు కాలు దాటుకుంటూ గతుకు కబురు చివరి బండికి చేరుతుంది. నా ముందువాడు నాకోసం కాలు చాపాడు. గతుకు గురించి ఎవరో నాకు చెప్పడం అదే మొదలు. నేనూ కాలు చాపాను. నా వెనక రోడ్డు తప్ప ఎవరూ లేరు. అయినా చాపాను, ఎందుకంటే పద్ధతి పద్ధతే.

దారిలో ఒక మొపెడ్ ఎదురొచ్చింది. మొగుడు నడుపుతున్నాడు, పెళ్ళాం వెనక కూర్చుని గుమ్మం తలుపు ఒకదాన్ని, నిలువెత్తు తలుపుని, ఒళ్ళో నిలబెట్టుకుంది. గాలికి తెరుచుకుంటుందేమో అన్నట్టు గడియ గట్టిగా పట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది చెప్పాలి, ఇది చెప్పాలి అనుకుంటూ టీ కొట్టు దాకా దాన్ని పగలకుండా తీసుకెళ్ళాను.

"తలుపు సూసేరా? ఆ మొగుడు ఇంటికెళ్ళి..."

"కెమెరాలో పడిపోయుంటాది మామా" అన్నాడు ప్రెసిడెంటు, హెల్మెట్ మీద అతికించిన చిన్న డబ్బా చూపిస్తూ. "సాయంత్రం గ్రూపులో ఎడతాను, సూడు."

"నేను సూసీసేనురా బాబూ. సెప్దామని."

"ఈడియో ఉంటే ఇంక సెప్పడం ఏటి మామా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. టీ చల్లారిపోతోందని చెప్పి తాగేశాను.

తర్వాతి ఆదివారాలూ వెళ్ళాను. రోడ్డు మీద ఎవడి హెల్మెట్‌లో వాడు, ఎవడి పాట వాడిది. దిగిన చోట మాత్రం, "మామా, ఒక జోకెయ్యి" అనేవాళ్ళు. వేసేవాణ్ణి. నవ్వేవాళ్ళు. మళ్ళీ హెల్మెట్లు. అంతమందితో వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చేవాణ్ణి. ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా రావడం దీనికంటే నయమో కాదో తేల్చుకోలేకపోయాను.

ఇంతలో ప్రెసిడెంటుకి ఒక ఆలోచన వచ్చింది. క్లబ్బు బండ్లన్నిటికీ ఒకే రకం సీటు ఉండాలి. గోధుమరంగు రెక్సిన్, ఒక్క మనిషికే చోటు, వెనక సీటు కోసేసి ఖాళీగా ఉంచాలి. పని నాకే ఇచ్చారు. ఒక్కొక్క బండీ దుకాణానికి వచ్చింది. కోసిన వెనక సీట్లు మూల గుట్టగా పడ్డాయి. చివరికి నా బండే మిగిలింది.

"మామా, నీది తియ్యలేదేటి? ఫొటోలో అదొక్కటే ఎబ్బెట్టుగుంటాది" అన్నాడు ప్రెసిడెంటు. సీటు మీద వేలు పెట్టి వంకర కుట్టు వెంట నడిపించాడు. "ఇదేటి, తాగీసి కుట్టేవా?"

అందరూ నవ్వారు. ఇంకెవడో, "మామ పెళ్ళాం కూకుంటాదిరా, ఊరుకోండి" అన్నాడు.

"మా ఉస్తాదు కూకుంటాడు" అన్నాను.

"ఆయన పోయేడు కదా మామా!"

"అందుకే. బరువు లేదు, మైలేజీ బాగా వత్తంది."

దుకాణం అదిరిపోయింది. ఆ క్లబ్బులో నాకు దక్కిన అన్నిటికంటే పెద్ద నవ్వు అదే. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. లోపల మాత్రం ఆయన్ని అమ్ముకుని తిన్నట్టుంది.

"జోకులు సరే గానీ వచ్చే ఆదివారానికి తీసీ మామా. సింగిల్ సీటు బండ్లే లైన్లో ఉండాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళాక సీటు విప్పి బల్ల మీద పెట్టుకున్నాను. కత్తి తీశాను. అంతమంది సీట్లు కోసిన చెయ్యి, దీన్ని కొయ్యడానికి ఎంతసేపు? కొయ్యక ముందు ఒకసారి చూద్దామని అడుగున పిన్నులు లేపి రెక్సిన్ వెనక్కి మడిచాను. ఫోము పసుపుపచ్చగా మారిపోయింది. ఆయన కూర్చున్న పల్లం ఉంది, కానీ వేలు పెడితే పిండి రాలింది. వంకర కుట్టు చిల్లుల్లోంచి వాన నీళ్ళు దిగి, లోపల ఎప్పటినుంచో తినేస్తున్నాయి. ఫోము మార్చొచ్చు. మారిస్తే పల్లం ఉండదు. కొయ్యకపోయినా ఇది పోతుంది. కోస్తే నా చేత్తో పోతుంది. ఇంతకు మించి నాకు మిగిలిన తేడా ఏమీ లేదు. రెక్సిన్ వెనక్కి లాగి, పిన్నులు కొట్టేశాను.

ఆదివారం బైపాస్‌కి వెళ్ళలేదు. వాళ్ళు దుకాణం ముందు నుంచే వెళ్ళారు. చివరి బండివాడు చెయ్యి ఊపాడు. కాసేపటికి ఫోన్‌లో ప్రెసిడెంటు గొంతు వచ్చింది. "మామా, టీ కొట్టు దగ్గరున్నాం. నువ్వు రాపోతే రాపోయేవు, ఒక జోకు ఎట్టు." కోపం లేదు, ప్రేమే ఉంది ఆ గొంతులో. జోకు రికార్డు చేసి పెట్టాను. గ్రూపులో పసుపుపచ్చ బొమ్మలు వరసగా నవ్వాయి. చప్పుడు లేదు.

బండి తీసి మునగపాక వైపు వెళ్ళాను. చెరుకు నరుకుతున్న రోజులు. లారీలు రాలిపోయిన గడల మీదుగా నడుస్తున్నాయి. బెల్లం వండే పొగ వాసన వచ్చింది. పాకం ముదిరిందో లేదో నా ముక్కుకి తెలియలేదు. అది నా పని కాదు కదా. కాస్త దూరం పోయాక, మలుపు తిరిగాక, రోడ్డు పక్కన ఒంటె.

బ్రేకు వేశాను. ఒంటే. పిల్లల్ని ఎక్కించుకుని ఊళ్ళ వెంట తిప్పేదేమో, మూపురం మీద అద్దాలు కుట్టిన ఎర్ర గుడ్డ, మెడలో గంట. తాడు పట్టుకున్నవాడు గట్టున కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. ఒంటె తీరిగ్గా చెరుకు ఆకు నములుతూ, నా లాంటివాళ్ళని చాలామందిని చూసినట్టు నన్ను చూసింది.

"ఒంటె, ఉస్తాదూ" అన్నాను. పైకే అన్నాను. తాడు పట్టుకున్నవాడు తలెత్తాడు. ఉత్తరాది మనిషిలా ఉన్నాడు. ఉస్తాదు దగ్గర నాకు ఉర్దూలో వచ్చినవి తిట్లే, అందుకని ఏమీ అడగలేదు.

చెయ్యి వెనక్కి చాపి ఉస్తాదు సీటు మీద పెట్టాను. ఎండకి కాలింది. ఆయన ఉన్నా నమ్మేవాడు కాదు. బండాపించి, దిగి, తోక పట్టించమనేవాడు. ఈసారి పట్టించేవాణ్ణి. ఎవరికి చెప్పినా నమ్మరు, లేదా వీడియో ఏదని అడుగుతారు. నమ్మకుండా తిట్టే మనిషి లేకుండా ఒంటెని ఏం చేసుకోను? ఫొటో తియ్యలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడిక్కడ రాశాను. చదివినవాళ్ళకి కూడా కళ్ళున్నాయి.

బండి ఎడమకి వంచి, కాలు ఆనించి ఆగాను. తర్వాత స్టార్టు చేశాను. కొంచెం ముందుకి వెళ్ళగానే గతుకు వచ్చింది. ఎడమ కాలు తనంతట తనే బయటికి చాచుకుంది. నోరు కూడా తెరుచుకుని, "గతుకు ఉస్తాదూ" అంది. భుజం మీద ఏమీ పడలేదు. బండి గతుకులోకి దిగి, లేచింది. వెనక సీటు ఖాళీగా ఎగిరి, మళ్ళీ తన చోట పడింది.