కూతగాడి కాళ్ళకి బంతి

1978 జూన్‌లో నన్ను పెనుగొండ పక్కనున్న ఒక ఊళ్ళోని జిల్లా పరిషత్ హైస్కూలుకి పి.ఇ.టి.గా వేశారు. పి.ఇ.టి. అంటే వ్యాయామోపాధ్యాయుడు. ఆ పేరు ఆర్డరు కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఊరందరికీ నేను డ్రిల్లు మాస్టారినే. మా శాఖలో అది కింది మెట్టు, పై మెట్టు ఫిజికల్ డైరెక్టరు. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు నా పీరియడు అడక్కుండానే తీసేసుకునేవారు. నేనెప్పుడైనా ఆయన పీరియడు అడిగితే నవ్వేవారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కానీ ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతి కాదు.

చేరిన మొదటి వారంలోనే హెడ్‌మాస్టారు పిలిపించారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. చుట్టుపక్కల స్కూళ్ళన్నీ కలిసి ఆడే జోనల్ గేమ్స్‌కి మా స్కూలు ఏటా ఫుట్‌బాల్ జట్టుని పంపుతోంది, ఒక్క గోలైనా కొట్టకుండా తిరిగొస్తోంది. "ఇది కబాడీ ఊరు మాస్టారూ. ఆ ఫుట్‌బాల్ గ్రౌండులో కబాడీ కోర్టులూ వాలీబాల్ కోర్టూ హాయిగా పడతాయి. మిమ్మల్ని గెలవమనట్లేదండి. ఈ ఏడు ఒక్క గోలు కొట్టించండి చాలు. లేదంటే ఆ గోలు కర్రలు పీకించేస్తాను," అన్నారు. అని, హాజరు పట్టీలు చూసుకోవడంలో పడిపోయారు.

నాకు భయం వేసింది. కబాడీ, వాలీబాల్ నేర్పించగలను, డిప్లొమాలో అన్నీ చెప్పారు. కానీ నేను చిన్నప్పట్నుంచీ ఆడిందీ, ప్రాణం పెట్టిందీ ఫుట్‌బాల్ ఒక్కటే. అది లేని స్కూల్లో ఉద్యోగమంటే పొద్దున్నే ప్రార్థనకి లైన్లు కట్టించడం, సాయంత్రం బెల్లు చూసుకోవడం.

మా దగ్గరున్నది ఒక్కటే బంతి. తోలుది, లోపల బ్లాడరు, పైన తాడుతో బిగించే కుట్టు. వానల్లో నానితే తడిసిన బియ్యపు మూటలా బరువెక్కేది. ఆరబెట్టి ఆముదం రాసేవాణ్ణి. పిల్లలకి బూట్లు లేవు. అది మంచిదే అయింది, వట్టికాలికి బంతి ఎక్కడ తగిలిందో వెంటనే తెలుస్తుంది. మొదట ట్రాపింగ్ చెప్పాను, అంటే వచ్చే బంతిని పాదం లోపలి అంచుతో మెత్తగా ఆపడం. కాలు బిగబడితే బంతి గోడకి తగిలినట్టు ఎగిరిపోతుంది, తగిలే క్షణంలో కాలు కాస్త వెనక్కి తీసుకోవాలి. అది వచ్చాక డ్రిబ్లింగ్. బంతి అడుగు దూరం దాటకూడదు, పాదం లోపలి అంచు, బయటి అంచు, అరికాలు మూడూ వాడాలి, తల మాత్రం పైకే ఉండాలి. వరసగా కొబ్బరి డొక్కలు పెట్టి వాటి మధ్యనించి బంతి తిప్పించేవాణ్ణి.

డొక్కల మధ్య అందరికంటే బాగా తిరిగినవాడు సత్తిబాబు. పదో తరగతి, రైతుల పిల్లాడు. ఆ వయసుకే చుట్టుపక్కల తీర్థాల్లో, అంటే జాతర్లలో, పెద్దవాళ్ళ జట్లలో కూతకి వెళ్ళేవాడు. కూతకి వెళ్ళడమంటే కబాడీలో ఊపిరి బిగబట్టి, 'కబాడీ కబాడీ' అంటూ అవతలి కోర్టులోకి దూరి, ఒకర్నో ఇద్దర్నో ముట్టి, ఊపిరి తెగకుండా మన గీతకి తిరిగి రావడం. వాడి నడుం ఎడమకి వెళ్ళినట్టుండేది, మనిషి కుడిపక్కనుండేవాడు. ఫుట్‌బాల్లో ఏళ్ళ తరబడి నేర్పినా రాని విద్య అది. నా కరువు తీరిందనుకున్నాను.

డొక్కలు తీసేసి మనుషుల్ని నిలబెట్టేసరికి తేడా వచ్చింది. వాడు బంతితో ఒకణ్ణి దాటాడు, రెండోవాణ్ణి దాటాడు. ఎదర గోలు ఖాళీగా ఉంది. సరిగ్గా అక్కడ వెనక్కి తిరిగి, అదే వేగంతో బంతి నడుపుకుంటూ మా గోలు వైపు పరిగెత్తుకొచ్చేశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. భయపడ్డాడేమో అనుకుని మళ్ళీ పంపాను. మళ్ళీ అంతే. మూడు వారాలు ఇదే వరస. బతిమాలాను, తిట్టాను, వెనక్కి తిరిగినప్పుడల్లా గ్రౌండు చుట్టూ పరుగెత్తించాను. వాడికి పరుగంటే సరదా కాబట్టి అదీ పనిచెయ్యలేదు.

చివరికి ఒక సాయంత్రం వాడి పక్కనే నేనూ పరుగెత్తాను. పెదాలు కదులుతున్నాయి. చెవి ఒగ్గితే సన్నగా 'కబాడీ కబాడీ కబాడీ' అని వినపడింది. ఆపి అడిగాను, ఎందుకురా వెనక్కొస్తున్నావని.

"ఇద్దర్నీ ముట్టేశాను కదండీ," అన్నాడు. "ఇంక మన గీతకి రావాలి కదండీ మాస్టారండీ."

"ఇది కబాడీ కాదురా నాయనా."

"ఆయ్, తెలుసండి. కాళ్ళకి తెలీట్లేదండి."

ఆ రాత్రి అన్నం తింటుంటే నవ్వొచ్చింది, ఆ తరవాత ఆలోచనా వచ్చింది. ఆ కాళ్ళకి ఏళ్ళుగా పట్టిన అలవాటుని మా దగ్గర మిగిలిన కొద్ది వారాల్లో వదిలించలేను. మర్నాడు వాణ్ణి గ్రౌండు మధ్యలో నిలబెట్టి, ఎదర కనిపించే గోలు గీత చూపించాను. "నువ్వు కూతకి వెళ్ళట్లేదు, కూత అయిపోయి తిరిగొస్తున్నావు. ఈ మధ్యలో ఉన్నవాళ్ళంతా నిన్ను పట్టుకోడానికి చూస్తున్నారు. మన గీత అదిగో, అక్కడుంది," అని చెప్పాను. బంతి ఇచ్చాను. అంతే, నలుగుర్ని దాటుకుని గోలు దాకా వెళ్ళిపోయాడు. ఇంటికి తిరిగొచ్చే కూతగాడిలో ఉండే కసి అంతా ఆ పరుగులో ఉంది. నాకు కళ్ళు చెమర్చాయంటే అబద్ధం కాదు.

దసరా సెలవుల తరవాత తణుకులో జోనల్ గేమ్స్ జరిగాయి. మా మీద పడ్డది పట్నం స్కూలు జట్టు, అందరి కాళ్ళకీ బూట్లు. హెడ్‌మాస్టారు స్వయంగా వచ్చి గొడుగేసుకుని కూర్చున్నారు. సత్తిబాబు ఆట చూడ్డానికి వాడి చిన్నాన్న ఊళ్ళోని కబాడీ జట్టంతటినీ వెంటేసుకొచ్చాడు.

మొదటి సగంలోనే వాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. అప్పుడు సత్తిబాబుకి బంతి దొరికింది. ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వెళ్ళి, గోలు కర్రకి బారెడు పక్కన గీత దాటేసి, చెయ్యి పైకెత్తి నిలబడిపోయాడు. బంతి బయటికి పోయినట్టు లెక్క, వాళ్ళకి గోల్ కిక్ ఇచ్చారు. మా ఊరి కబాడీవాళ్ళు మాత్రం ఈలలేసి చప్పట్లు కొట్టారు.

"అది గోలేనా మాస్టారూ?" అన్నారు హెడ్‌మాస్టారు.

కాదండి అన్నాను.

"మరి వాళ్ళెందుకలా గంతులేస్తున్నారు?"

"వాళ్ళ లెక్కలో పాయింటేనండి," అన్నాను. నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

విరామంలో వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, గీతంతా గీత కాదనీ, రెండు కర్రల మధ్యనున్న ముక్కే మన గీత అనీ చెప్పాను. "ఆ ముక్క ముందే చెప్పలేదేంటండి మాస్టారండీ," అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు.

రెండో సగం అయిపోవస్తుండగా మళ్ళీ వాడికి బంతి అందింది. చినుకులు మొదలయ్యాయి, గోలు ముందంతా బురద. ఇద్దర్ని దాటి లోపలికి దూసుకెళ్ళాడు. గోల్‌కీపరు బంతి మీదికి దూకబోయి వాడి కాలు వాటేసుకున్నాడు. సత్తిబాబు బోర్లాపడ్డాడు. ఇలాంటప్పుడు రిఫరీ వెంటనే విజిలెయ్యక్కర్లేదు, పడ్డవాడి జట్టుకే లాభం కనిపిస్తే ఆట సాగనివ్వచ్చు. ఆయన ఆగి చూస్తున్నాడు. బంతి గీతకి జానెడు ఇవతల బురదలో కూరుకుపోయింది.

ఫుట్‌బాల్ ఆటగాడైతే అక్కడ పడుకుని రిఫరీ వైపు చూస్తాడు. కూతగాడికి పట్టుబడ్డాక అందుకోవాల్సింది ఒక్కటే, గీత. వాడు ఒక కాలు పట్టులో ఉండగానే ఒళ్ళంతా మెలితిప్పి, రెండో కాలు సాచి, బొటనవేలితో బంతిని నెట్టాడు. అది మెల్లగా దొర్లి గీత దాటింది. రిఫరీ విజిలేసి గోలు ఇచ్చాడు.

సత్తిబాబు బురదలోంచి లేచి, తన కాలు పట్టుకున్న గోల్‌కీపరుకి వేలు చూపించి, "నువ్వవుటు, బయటికి పో," అన్నాడు. కబాడీలో అదే న్యాయం. రిఫరీ పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

ఆ ఆట ఓడిపోయాం. మర్నాడు హెడ్‌మాస్టారు ప్యూన్ చేత, గోలు కర్రలకి రంగు వేయించమని చీటీ పంపారు. సత్తిబాబు ఆ ఏడాది చివర్లో మళ్ళీ కబాడీకే వెళ్ళిపోయాడు, నేను ఆపలేదు.

తరవాత గోదావరికి ఇటూ అటూ చాలా స్కూళ్ళకి బదిలీ అయ్యాను. ఏ ఊళ్ళో చేరినా మొదటి వారం బంతి బయటికి తీసేవాణ్ణి కాదు. ఇంటర్వెల్లో ఒక పక్కన నిలబడి, ఆ పిల్లలు నేను చెప్పకుండా తమంతట తాము ఏమాడుకుంటున్నారో చూసేవాణ్ణి. శిక్షణ అక్కణ్ణించే మొదలుపెట్టాలని డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు.