నాన్న గొంతున్న క్యాసెట్

మా చిన్నప్పుడు... మా ఇంటికి ఉత్తరాలు వచ్చేవి కావు. క్యాసెట్ వచ్చేది.

నాన్న మిలిటరీలో ఉండేవాడు. ఎక్కడో మంచు కొండల్లో. మాదేమో మైలవరం దగ్గర చిన్న పల్లె. అమ్మకి చదువు రాదు. ఎవరి చేతో ఉత్తరం చదివించుకుంటే మొగుడూ పెళ్ళాల మాటలు ఊరంతా పాకుతాయని ఆవిడ సిగ్గు. అందుకే నాన్న సెలవుల్లో వచ్చినప్పుడు టేప్ రికార్డరు తెచ్చిచ్చి, ఒకే ఒక్క క్యాసెట్‌తో ఏర్పాటు చేసి వెళ్ళాడు. మేము మాట్లాడి పంపాలి... నాన్న విని, దాని మీదే తన మాటలు రికార్డు చేసి వెనక్కి పంపాలి. మళ్ళీ దాని మీద మేము.

"ఇంకో క్యాసెట్ కొనొచ్చుగా" అని అమ్మ అంటే, "ఇది వస్తే నేనొచ్చినట్టే అనుకో. మనిషిని మారుస్తావా ఏంటి?" అని నవ్వేవాడు.

నాన్న పంపినప్పుడు రెండు వైపులా నిండుగా ఉండేది. గంటసేపు కబుర్లు, మధ్యమధ్యలో పాటలు. చర్చిలో కంజీర కొడుతూ పాడిన మనిషాయె... గొంతు కాస్త బొంగురు. ఆ బొంగురే మాకు ముద్దు.

మా నాయనమ్మ కట్టిన పాట ఒకటి ఉండేది. "తొలికోడి కూసేదాకా తోడుండు దేవా... తలుపు తీసే ఉంచాము, లోపలికి రావా..." అని. ఒకసారి అది నేను రికార్డు చేస్తుంటే సిగ్గుతో గొంతు పెగల్లేదు. వెనక నుంచి అమ్మ, "గట్టిగా పాడవే, మీ నాన్నకి వినబడొద్దా!" అని కసిరింది. అదీ రికార్డయిపోయింది. అలాగే పంపేశాం.

క్యాసెట్ తిరిగొచ్చాక చూస్తే అందులో నాన్న ఒకటే నవ్వు. "మీ పాట రోజూ డ్యూటీ దిగగానే పెట్టుకుంటున్నాం. అది వినకపోతే ఇక్కడ ఎవరికీ అన్నం సయించట్లేదు. తెలుగు రానివాళ్ళకి కూడా నోటికొచ్చేసింది" అన్నాడు.

క్యాసెట్ రావడం అదే ఆఖరిసారని మాకేం తెలుసు...

నెల రోజులు అదే విన్నాం. "మనం మాట్లాడి పంపుదామే" అని నేను గొడవ చేస్తే, "ఇంకో వారం విననియ్యవే" అనేది అమ్మ. నాకేమో ఆగదు. సండే స్కూల్లో కొత్త పాట నేర్చుకున్నాను మరి! ఒక మధ్యాహ్నం అమ్మ నాట్లకి వెళ్ళినప్పుడు, రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కి పాడేశాను. అమ్మ వచ్చి విని మెచ్చుకుంటుందనుకున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ సాయంత్రం 'ఇంకో వారం' అన్న అమ్మ మాట గుర్తొచ్చి, చెప్పడానికి భయమేసి ఊరుకున్నాను. నాట్లతో అలిసిపోయి అమ్మ కూడా ఆ రెండు రోజులూ క్యాసెట్ పెట్టమనలేదు.

మూడో రోజు పోలీసు జీపు వచ్చింది. మంచు విరిగి పడిందట. నాన్న లేడన్నారు. శవపెట్టె ఊరికి చేరడానికి ఇంకో మూడు రోజులు పడుతుందన్నారు.

అమ్మ ఏడవలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చాప మీద అలా కూర్చుండిపోయింది. ఏడవకపోతే మనిషి దక్కదని పక్కింటి మేరమ్మ అత్త భుజాలు పట్టి కుదిపింది. అయినా లేదు. చివరికి అమ్మ నా వైపు చూసి, "క్యాసెట్ పెట్టవే... ఒక్కసారి ఆయన గొంతు వింటాను" అంది.

ఎర్ర బటన్ నొక్కితే క్యాసెట్ మొత్తం చెరిగిపోతుందని నా నమ్మకం. నాన్న గొంతుని నేనే చంపేశాననుకున్నాను. గూట్లోంచి క్యాసెట్ తీసి పెరట్లోకి పరిగెత్తి, రీలంతా చేత్తో లాగేసి, పాలు కాగుతున్న పిడకల దాలిలో కుక్కేశాను. నల్లగా పొగ వచ్చింది. లోపలికొచ్చి, "రికార్డర్లో చిక్కుకుని తెగిపోయిందమ్మా" అన్నాను.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, తల నిమిరి, "పోన్లేమ్మా... నువ్వేం చేస్తావు" అంది. ఆ చెయ్యి నా తల మీద ఇంకా బరువుగానే ఉంది.

పెట్టె వచ్చింది, జెండా కప్పుకుని. సమాధుల దొడ్డిలో బ్యూగిల్ ఊదారు. మగవాళ్ళు కూడా వెక్కివెక్కి ఏడ్చారు. అమ్మ మాత్రం రాయిలా నిలబడింది.

నాన్నతో ఒకే గదిలో ఉన్న షిండే అంకుల్ పెట్టెతో పాటు వచ్చాడు. మరాఠీ ఆయన, తెలుగు ముక్క రాదు. బ్యూగిల్ ఆగాక ఆయన పెట్టె మీద చెయ్యి వేసి పాట ఎత్తుకున్నాడు. మా నాయనమ్మ పాట! నాన్న ఎక్కడ సాగదీస్తాడో సరిగ్గా అక్కడే సాగదీస్తూ...

"...తలుపు తీసే ఉంచాము, లోపలికి రావా... గట్టిగా పాడవే, మీ నాన్నకి వినబడొద్దా..."

అమ్మ కసురుని కూడా రాగం తీసి పాడాడు. అదీ పాటలో ముక్కే అనుకున్నట్టున్నాడు పాపం.

అమ్మ ఒక్కసారిగా పెట్టె మీద పడి బావురుమంది. ఏడుస్తూనే అందుకుని పాడింది. తర్వాత అందరూ అందుకున్నారు. గట్టిగా పాడవే అన్నది నన్ను కదా... నేనొక్కదాన్నే నోరు విప్పలేకపోయాను.

బెజవాడలో కాలేజీ చదివేటప్పుడు తెలిసింది... ఎంతసేపు రికార్డు చేస్తే అంతవరకే చెరుగుతుందట. నా పాట నాలుగు నిమిషాలు. మిగతా యాభై ఆరు నిమిషాలూ నాన్న అందులోనే ఉన్నాడు. నేను దాలిలో వేసేదాకా ఉన్నాడు. ఆ రోజు హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఎవరికి చెప్పను?

అమ్మ ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో నా దగ్గరే ఉంటోంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆ పాటే పాడుకుంటుంది, తన కసురుతో సహా. "అది పాట కాదు కదమ్మా" అంటే, "అక్కడ ఇలాగే పాడుకున్నారంటగా" అంటుంది.

ఇప్పుడు ఫోన్ నిండా వాయిస్ మెసేజ్‌లే. సగం వినకుండానే తీసేస్తున్నాం. మీ అటక మీద పాత క్యాసెట్ ఏదైనా ఉంటే పారేయకండి... చివరిదాకా తిప్పి వినండి. అందులో ఎవరున్నారో కింద రాయండి, చదువుకుంటాను.

నేను చేసిన పని మాత్రం అమ్మకి ఈ రోజుకీ చెప్పలేదు. ఇక్కడ ఇంత ధైర్యంగా రాశానంటే... మా అమ్మకి చదువు రాదు కనుకే.