పరదల గంగారాం

తడి అద్దం మీద రబ్బరు పట్టీ లాగితే కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది. పళ్ళు జివ్వుమంటాయి. మొన్న జగిత్యాలలో ఒకరింట్లో పడమటి కిటికీకి ఎండ ఫిల్ము అతికిస్తుంటే, ఆ చప్పుడుకు ఇంటావిడ చెవులు మూసుకొని వంటింట్లోకి పారిపోయింది. నాకు మాత్రం షాంపూ కలిపిన నీళ్ళ వాసన, దాని వెంటే నాకు పని నేర్పిన గంగారాం కాక గొంతు. "మెల్లగ బిడ్డా, అద్దానికి సక్కిలిగిలి పెడుతున్నవా ఏంది?" ఆయన పోయి మూడేళ్ళయింది. అయినా నేను పట్టీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నా వెనక నిలబడి వంకలు పెడుతూనే ఉంటాడు.

ఆయన్ను ఎరగనివాళ్ళకు ముందు ఆయన భయం గురించి చెప్పాలి. మల్యాల దగ్గర ఊరు. తాతల నాటి నుంచి తాటిచెట్లెక్కి కల్లు గీసిన ఇల్లు. ఈయనకు మాత్రం ఎత్తంటే గుండె దడ. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదటిసారి చెట్టెక్కిస్తే, సగం దాకా ఎక్కి, కిందికి చూసి, చెట్టును కౌగిలించుకొని అక్కడే ఉండిపోయాడట. వాళ్ళ నాయన ఇంకో మోకు కట్టుకొని ఎక్కి, బతిమాలి, తిట్టి, దింపేసరికి ఊరంతా చెట్టు కింద జమ అయిందట. ఆ సాయంత్రమే జగిత్యాల బస్సెక్కి వచ్చేసి, బండ్ల మీద స్టిక్కర్లు అతికించే పని నేర్చుకున్నాడు. ఈ కథ ఆయనే చెప్పేవాడు, అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. కిటికీల పనిలో కూడా స్టూలు దాటి పైకి ఎక్కేవాడు కాదు. "భూమే నాకు అచ్చొచ్చింది" అనేవాడు.

నిచ్చెనలు ఎక్కడానికే నన్ను పనిలో పెట్టుకున్నాడని చాలామంది అనుకుంటారు. కాదు. మాది తంగళ్ళపల్లి. పెళ్ళయి జగిత్యాల వచ్చి, మా వాడలో ఆడవాళ్ళందరిలాగే బీడీలు చుట్టేదాన్ని. మా అరుగుకు ఎదురుగానే ఆయన దుకాణం. తునికాకు మీద కొలత రేకు పెట్టి, దాని చుట్టూ కత్తెరతో చకచకా కత్తిరించి పడేసేదాన్ని. ఒకరోజు ఆయన చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చి, చాలాసేపు నా చేతులనే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంది కాకా, నా చేతులల్ల సినిమా ఆడుతుందా?"

"నీ కత్తెర రేకు దాటి ఒక్క పోగంత గూడ పోతలేదు బిడ్డా. నేను ఇరవయ్యేండ్ల సంది కోస్తున్న, నా గీత ఇంకా వంకరే. ఫిల్ము పనికి వస్తవా?"

లోపలి నుంచి మా అత్త "మగోళ్ళ పనికి ఆడదేందయ్యా?" అని అరిచింది. ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "అక్కా, ఆడోళ్ళు ఒక్కరే ఉన్న ఇంట్ల పడకగది కిటికీ కాడికి నన్ను పోనిస్తరా? వాకిట్లనే నిలబెడుతున్నరు. రాజమణి అయితే సీదా వంటింట్ల దాక పోతది. చాయ్ గూడ పోస్తరు" అన్నాడు. చాయ్ మాట మా అత్తకు నచ్చింది. ఇరవై ఏడేళ్ళ వయసులో అలా నా చేతిలోకి బీడీ కత్తెరకు బదులు ఫిల్ము కట్టరు వచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. అంతకుముందు ఆయన పని అంతా కార్లదే. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము ఉండకూడదని కోర్టు చెప్పడంతో, అతికించిన చేతులతోనే పీకాల్సి వచ్చింది. రెండు నెలలు పీకుడే పని. అది కూడా అయిపోయాక దుకాణంలో ఈగలు తప్ప ఎవరూ లేరు. బండ్లకు 'జై తెలంగాణ' స్టిక్కర్లు మాత్రం రోజంతా కోసేవాడు, అవన్నీ ఊరికే ఇచ్చేవాడు. బతకడానికి ఇళ్ళ కిటికీల మీద పడ్డాం. కొత్త ఇళ్ళకు ముందువైపు పెద్ద పెద్ద అద్దాలు పెట్టడం అప్పుడే మొదలైంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ ఇళ్ళలో మనుషులు ఉడికిపోయేవాళ్ళు, పగటిపూట టీవీ బొమ్మ కూడా కనబడేది కాదు. అంటే గిరాకీ ఉండాలి. కానీ కాక నోటి పుణ్యమా అని సగం గిరాకీ గడప దగ్గరే ఆగిపోయేది. ఆయనకొక నియమం: ముందు కానిది చెప్పాలి. "ఇల్లు చల్లగైతదా?" అని ఎవరైనా ఆశగా అడిగితే, "జర తక్కువైతది. కూలరు లెక్క అనుకోవద్దు. కండ్లు చెదురుడు మాత్రం తగ్గుతది" అనేవాడు. ఆశగా అడిగినవాళ్ళు కూలరు కొనుక్కోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు.

సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డు సేటు పిలిచాడు. షెడ్డు నిండా కిటికీలు. నేను లోలోపల ఎంతో సంబరపడ్డాను. మగ్గాల మోతలో మనుషులు చెమటలు కారుస్తూ పని చేస్తున్నారు. కాక కిటికీల వంక చూడనే లేదు, తల ఎత్తి కప్పు చూశాడు.

"సేటూ, వేడి కిటికీలకెళ్ళి వస్తలేదు. నెత్తిమీద రేకులున్నయి. ఫిల్ము ఏస్తే వేడి గట్లనే ఉంటది, చీకటైతది. పోగు తెగితే మనిషికి కనబడది. రేకుల మీద సున్నం కొట్టియ్యుండ్రి."

సేటు సంతోషంగా సున్నం కొట్టించుకున్నాడు. మేము ఉత్త చేతులతో తిరిగొచ్చాం. బస్సులో నేను మూతి ముడుచుకొని, "సున్నం అమ్మేటోడు నీకు చుట్టమా కాకా?" అని అడిగాను. "అబద్ధం చెప్పి అతికిస్తే రేపు మల్ల నేనే పీకాలె. పీకుడు ఎంత కష్టమో నీకేం తెలుసు" అన్నాడు. ఆయన నిజాయితీకి కారణం ఆయన వేళ్ళ నొప్పేనని అప్పట్లో నేను గట్టిగా నమ్మాను.

ఆ వేసవిలోనే కోరుట్ల నుంచి ఒక నాయకుడి ఇంటి కబురు వచ్చింది. పేరెందుకులెండి, పదవిలో ఉన్న మనిషి. ఆయన ఒక ఫంక్షన్ హాలు కట్టిస్తున్నాడు, దాని ముఖం మొత్తం అద్దాలే. ఇంటి పని నచ్చితే హాలు పని కూడా మాకే అన్నారు. అది దొరికితే దుకాణం నిలబడుతుంది. లేకపోతే నెలాఖరుకు మూతే, నేను మళ్ళీ బీడీల చాట ముందుకే. సమయానికి కాకకు నడుము పట్టేసింది. మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్ళాను.

నాయకుడి భార్య మంచి మనిషి. ముందుగదికి పడమటి దిక్కున గోడంత అద్దం, నేరుగా రోడ్డు మీదికే. ఎండ తగ్గాలి, బయటివాళ్ళకు లోపల కనబడకూడదు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అద్దంలా మెరిసే ఫిల్ము చూపించాను. దాని గురించి కాక మరీ మరీ చెప్పి పంపిన మాట ఒకటుంది. "పగలు బయటోళ్ళకు ఏం కనబడది. పొద్దుమీకినంక లోపట లైటు ఏస్తే తిరగబడతది. వాళ్ళకు అంత కనబడతది, మనకు మన మొకమే కనబడతది. ముందుగాల గా మాట చెప్పు, తర్వాతనే నీళ్ళ సీసా పట్టు." ఆ మాట నా నోటిదాకా వచ్చింది. చెబితే ఎక్కడ వద్దంటుందోనని మింగేశాను. మింగి ఊరుకున్నా బాగుండేది. పని అయ్యాక ఆవిడ అద్దం చూసి మురిసిపోతుంటే, "ఇగ పరదలతోని పనే లేదమ్మా, దుమ్ము పట్టుడు తప్ప" అన్నాను. ఆవిడ అప్పటికప్పుడు పరదలన్నీ తీయించి ఉతకడానికి వేసింది.

దుకాణానికి వచ్చాక కాక అడిగాడు. "లైటు సంగతి చెప్పినవా?"

"చెప్పిన" అన్నాను.

నాలుగు రోజులకు బంద్ వచ్చింది. ఫిల్ము ఒక మూల లేచిందని ఆవిడ ఫోన్ చేస్తే, ఇద్దరం మోపెడ్ మీద కోరుట్ల వెళ్ళాం. తీరా చూస్తే నాయకుడి ఇంటి ముందే ఉద్యమకారుల వంటా వార్పు. రోడ్డు మీద టెంటు, పొయ్యిలు, డప్పులు. తెలంగాణ కోసం పదవికి రాజీనామా చేస్తానని అందరి ముందూ మాటిచ్చి, మూడు రోజులుగా ఆయన ఎవరికీ కనబడటం లేదు. "సారు హైదరాబాద్ పోయిండు" అని వాచ్‌మన్ పక్క సందులోని గేటు లోపలి నుంచే చెబుతున్నాడు. గేటు తీయడు. మాకూ లోపలికి దారి లేదు. కాక ఏమీ బాధపడలేదు, చొక్కా చేతులు పైకి మడిచి గరిటె అందుకున్నాడు. నేను ఆడవాళ్ళలో కూర్చొని ఉల్లిగడ్డలు కోశాను.

ఆ మధ్యాహ్నమంతా నేను వేసిన ఫిల్ము ఊరికి ఆటవస్తువైంది. డప్పులవాళ్ళు అద్దంలో చూసుకుంటూ అడుగులు వేశారు. ఉపన్యాసం ఇవ్వబోయే పెద్దమనిషి కండువా మూడుసార్లు సర్దుకున్నాడు. ఒక లెక్చరరు గారు ముక్కులో వెంట్రుక పీక్కున్నారు. నాకు గర్వంగా ఉంది. లేచిన ఆ మూల తప్ప అంత అద్దంలో ఒక్క బుడగ లేదు.

ఐదింటికి కరెంటు పోయింది. పొద్దు దిగుతూ అద్దంలో ఎర్రదనం తగ్గుతుంటే, నాకు లైటు సంగతి గుర్తుకొచ్చింది. కరెంటు వస్తే? ముందుగదిలో ఆవిడ ఉంటే? పరదలు లేవు కదా. లేచి కాక దగ్గరికి వెళ్ళాను. ఆయన బగారా అన్నం కలుపుతూ, "కరెంటు వచ్చే యాళ్ళయింది. లైటు సంగతి అమ్మకు యాదికున్నదో లేదో. నువ్వైతే చెప్పినవు గదా?" అన్నాడు.

"కాకా..." అన్నాను. మిగతా మాట బయటికి రాకముందే కరెంటు వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఒక మీసాల మనిషి జేబులోంచి దువ్వెన తీసి, మసక వెలుతురు కదా, అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి పాపిట తీసుకుంటున్నాడు. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకొని వెలిగింది. ఆయన ముఖం ఉండాల్సిన చోట నాయకుడి ముఖం ఉంది. బనీను, లుంగీ, చేతిలో పళ్ళెం. మూడు రోజులు వెనకగదిలో దాక్కున్న మనిషి, జనాన్ని చూద్దామని ముందుగదిలోకి వచ్చాడట, తననెవరూ చూడలేరన్న ధీమాతో. కరెంటు లేనప్పుడు స్విచ్చు సంగతి ఎవరికి గుర్తుంటుంది? దువ్వెన మనిషి కెవ్వుమని వెనక్కి పడ్డాడు. నాయకుడికి మాత్రం ఇప్పుడు అద్దంలో తన ముఖమే కనబడుతోంది. అందుకని తాపీగా నోరు తెరిచి, పళ్ళలో ఇరుక్కున్న మెంతికూర గోటితో తీసుకుంటూ నిలబడ్డాడు. ఊరు ఊరంతా చూసింది.

నవ్వులు విన్నాక ఆయనకు అర్థమైంది. ఐదు నిమిషాల్లో తెల్లబట్టలు వేసుకొని బయటికొచ్చాడు. వెనకే భార్య. "నేను గిప్పుడే హైదరాబాద్‌కెళ్ళి పెరటి తొవ్వల వచ్చిన. మీరు చూసింది నన్ను కాదు. అది మెరిసే ఫిల్ము, మీ మొకాలే మీకు కనబడ్డయి" అన్నాడు.

"మా చేతులల్ల పల్లెం లేదు గదా సారూ!" అని ఎవరో అరిచారు.

నాయకుడి చూపు గరిటె పట్టుకున్న కాక మీద పడింది. "అగో, ఫిల్ము ఏసిన గంగారామే ఉన్నడు. నువ్వు చెప్పు గంగారాం. దాంట్లకెళ్ళి లోపటి మనిషి కనబడతడా? కనబడడు గదా?" అని, దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "హాలు అద్దాలు ఎల్లుండే షురూ చేద్దాం" అన్నాడు. పక్కనే ఉన్న నాకు వినబడింది.

అందరూ కాక వైపు తిరిగారు. కనబడడు అని ఒక్క మాట అంటే చాలు, దుకాణం నిలబడుతుంది. అనమని నేను మనసులో మొక్కుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా మొక్కుకున్నాను.

ఆయన గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "కనబడతడు సారూ. పగలు కనబడడు. లోపట లైటు ఏస్తే నిలువెత్తు కనబడతడు. అది ఫిల్ము గుణం. గందుకే పరదలు ఉంచుకోవాలె."

నాయకుడు గుడ్లురిమాడు. "మరి పరదలు తియ్యుమన్నది మీ దుకాణపోల్లే గదా! ఎవరు చెప్పిండ్రు గట్ల?"

నాయకుడి భార్య నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. కాక మా ఇద్దరినీ చూశాడు.

"నేనే సారూ. అమ్మకు ఫోన్ల నేనే చెప్పిన, పరదలతోని పని లేదని. బుద్ధి తక్కువై చెప్పిన."

జనం మళ్ళీ నవ్వారు, ఈసారి ఆయన్ను చూసి. ఇన్నేళ్ళుగా ఫిల్ము పని చేస్తున్నవాడికి లైటు సంగతి కూడా తెలియదా అని. ఆ ఇల్లాలు ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకుంది.

తిరుగుదారిలో ఆయన వెనక కూర్చొని ఏడ్చాను. మోపెడ్ చప్పుడులో నా ఏడుపు ఆయనకు వినబడదనుకున్నాను. చివరికి అడిగాను. "నా పేరు ఎందుకు చెప్పలే కాకా?"

"నీ పేరు చెప్తే రేపటి సంది ఏ ఆడమనిషి నిన్ను ఇంట్లకు రానియ్యది. నన్ను అసలుకే రానిస్తలేరు, నాకు పొయ్యేదేమున్నది?" అన్నాడు. ఒక గుంత తప్పించి, "ఇంగోసారి అబద్ధం చెప్తే మాత్రం నువ్వే మోసుకో బిడ్డా. నాకు నడుము నొస్తున్నది" అన్నాడు.

హాలు పని పోయింది. దుకాణం మాత్రం మూతపడలేదు. ఆ నాయకుడి భార్యే తనకు తెలిసిన ఆడవాళ్ళకు నా పేరు చెప్పింది. మూడు రోజులు మొగుడిని దాచిపెట్టి వండిపెట్టలేక తాను చచ్చిందట, నేను ఆమెకు మేలే చేశానట. ఆ మాటతో కోరుట్లలో, జగిత్యాలలో ఇళ్ళు దొరికాయి. అప్పటి నుంచి నేను ఎవరింట్లో ఫిల్ము వేసినా ముందు కానిది చెబుతాను. చెప్పి ఊరుకోను. పొద్దుగూకే దాకా ఆగి, లైటు వేసి, ఇంటావిడను బయటికి తీసుకెళ్ళి, లోపలి మంచం, బట్టల కుప్ప అన్నీ చూపిస్తాను. కొందరు వద్దంటారు. వద్దంటే పీకేసి వస్తాను. పీకుడు నిజంగానే కష్టం.

కానీ ఆయన పేరు పోయింది. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఆయన 'పరదల గంగారాం' అయిపోయాడు. చాయ్ హోటల్లో, పెళ్ళిళ్ళలో, తెలంగాణ వచ్చిన రోజు సంబరాల్లో కూడా "ఓ పరదల గంగారాం!" అని పిలిచారు. ఆయన చెయ్యెత్తి నవ్వేవాడు. పక్కన నిలబడి నేనూ నవ్వేదాన్ని. ఒక్కసారి నోరు తెరిచి నిజం చెప్పి ఉండొచ్చు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఉండగానే ఆయన వెళ్ళిపోయాడు. పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా ఎవరో ఆ కథ ఎత్తితే పంక్తి అంతా నవ్వింది. నేను విస్తరి మడిచి లేచాను.

నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. బతుకుతెరువు కోసం ఆడమంటే ఆడలేదు, మరు నిమిషంలో నాకోసం ఆడాడు. కోరుట్లలో ఆ కథ చెప్పుకొని నవ్వేవాళ్ళెవరైనా ఇది చదివితే, దయచేసి ఒక్క చోట దిద్దుకోండి. ఆ రోజు పరదలు తీసేయమన్నది గంగారాం కాదు. రాజమణి. నేనే.