మక్తల్ బ్రాంచికి వచ్చిన దస్తీలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో, రంజాన్‌కు ముందు, నన్ను మక్తల్ బ్రాంచికి పంపారు. రెడీమేడ్ బట్టల షాపులు నడిపే ఒక కంపెనీలో నేను సిస్టమ్స్ మేనేజర్‌ని. పాత బిల్లింగ్ ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టడం నా పని. నేను బయల్దేరేటప్పుడు ఆడిట్ వాళ్లు ఇంకొకటి అంటగట్టారు. షాపు మిషన్ తనిఖీ చేస్తే, అక్కడి క్యాషియర్ షమీమ్ రోజూ మొదటి బిల్లును రద్దు చేస్తున్నట్టు తేలిందట. బిల్లు చేసి, డబ్బు జేబులో వేసుకుని, ఆనక రద్దు కొట్టడం మా వ్యాపారంలో పాత దొంగతనమే. నేను అవునంటే ఆమె ఉద్యోగం పోతుంది. రెడీమేడ్‌లు వచ్చాక ఆమె భర్త కుట్టుమిషన్‌కు పని తగ్గింది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

షాపులో ట్రయల్ రూం తలుపు తీస్తే లోపల మనిషి నిలబడే చోటు లేదు. అట్టపెట్టెలు, వాటి నిండా దస్తీలు, అంటే చేతిరుమాళ్లు. పండగకు పిల్లల బట్టలు మాత్రం రావడం లేదని సేల్స్ అమ్మాయిలు మొత్తుకున్నారు.

మా దగ్గర డిజైన్లు నెల తిరగకుండానే మారిపోతాయి. అందుకే హెడ్డాఫీసు కంప్యూటర్ ప్రతి షాపు అమ్మకాలూ చూసి, ఏది పోతే దాన్నే మళ్లీ పెట్టెల లెక్కన పంపుతుంది. మక్తల్‌లో ఒక్కరోజు కూడా తప్పకుండా అమ్ముడయ్యే సరుకుగా దానికి దస్తీ కనిపించింది. పాపం, మనసారా పంపింది.

షమీమ్‌ను అడిగాను. ఆమె తడబడలేదు, కోపంగానే చెప్పింది.

"పొద్దుగాల షటర్ తియ్యంగనే వాపస్ తెచ్చినోళ్లే వస్తరు సారూ. బోణీ కాకముందే సరుకు వాపస్ తీసుకుంటే దినమంతా గట్లనే పోతది. గట్లని వాళ్లను నిలబెట్టుడు మర్యాదనా? గందుకే ముందుగాల ఒక దస్తీ బిల్లు కొడ్త. అసలు గిరాకీ వచ్చినంక క్యాన్సిల్ చేస్త. గిండ్ల దొంగతనమేముంది?"

నాకు నవ్వొచ్చింది, ఆమె మీద గౌరవమూ కలిగింది. పాత ప్రోగ్రాం అమ్మకాలను మాత్రమే హెడ్డాఫీసుకు పంపేది. రద్దులు షాపు మిషన్‌లోనే ఉండిపోయేవి. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాల ఆ ముసలి ప్రోగ్రాం అంటే నాకు మమకారం. కరెంటు పోయి వచ్చినా వదిలిన చోటే లేచేది. కానీ సగం మాటే మోసేది.

ఆడిటర్‌ను పిలిపించి, ఇద్దరం నేల మీద కూర్చుని దస్తీలు లెక్కపెట్టాం. డబ్బు తిన్నదైతే సరుకు తగ్గాలి. నిజంగా అమ్ముడైనవి పోగా ఒక్కటీ తగ్గలేదు. ఆడిటర్ ప్యాంటుకంటిన నూలు దులుపుకుని, అనుమానితుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు. షమీమ్ మాకు చాయ్ తెప్పించి, తను అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇంకో చిక్కు మిగిలింది. కొత్త సిస్టంలో హెడ్డాఫీసు అనుమతి లేనిదే బిల్లు రద్దు కాదు. నేను సరుకుల జాబితాలో కొత్త కోడ్ ఒకటి చేర్చాను. దానికి ధర లేదు, స్టాకు లేదు, బిల్లు కొట్టినా రద్దు చేసే పని లేదు, పంపమని ఎవరినీ అడగదు. పేరు బోణీ. అదేం బట్ట అని మా జనరల్ మేనేజర్ ఫోన్ చేసి అడిగారు. బట్ట కాదు సార్, మర్యాద అన్నాను. సరే, ఉంచమన్నారు.

కొత్త సిస్టం మొదలైన పొద్దున షమీమ్ ఆ కోడ్ ముట్టుకోలేదు. "ఇయ్యాల బోణీ మీ చేతుల మీదనే కావాలె సారూ" అంది. నేనొక దస్తీ కొన్నాను. ఆ బిల్లు ఆమె రద్దు చెయ్యలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఎన్నో షాపుల్లో పాత సిస్టంలు తీశాను. ఎక్కడికి వెళ్లినా షటర్ తీసే వేళకు చేరుకుని, ఒక పూట క్యాషియర్ పక్కన కూర్చున్నాకే వైరు పీకేవాడిని.