పెట్టెచెక్క పెన్ను

మా కంపెనీలో పెన్నుల మేస్త్రి గురించి ఎవర్నడిగినా రెండు ముక్కలే చెబుతారు. మంచి మనిషి, తన పనేదో తనది. అంతకు మించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. నా దగ్గర ఉంది, ఎందుకంటే ఆయన ఆఖరి రోజును పాడుచేసింది నేనే. తెలివి ఎక్కువై చేసిన పని. చెప్పుకుంటే ఉన్న పరువు కూడా పోతుంది, అయినా చెబుతాను.

మాది నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీ. ఇనుము కరిగించి పోసే ముందు ఆ భాగం ఆకారాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కను తడి ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో ఇనుము పోస్తారు. దాన్ని ప్యాటర్న్ అంటారు. పంపు కొన్నవాడు ఇనుమును చూస్తాడు గానీ ఆ చెక్కను చూడడు. మేస్త్రి ముప్పై ఒక్కేళ్ళు ఆ ప్యాటర్న్‌లే చేశాడు. షెడ్డు వెనకాల, కిటికీకి సగం అద్దాలు లేని గది ఆయనది. ఒక లేత్ మిషను, ఒక బల్ల, గోడకు వరసగా ఉలులు, కింద ఎప్పుడూ చీలమండల దాకా చెక్కపొట్టు.

నేను ఆఫీసులో సెలవుల రిజిస్టరు చూసే గుమాస్తాని. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. నేను చేరిన కొత్తలో ఆయన నన్ను అల్లుడూ అన్నాడు, నేను మామా అన్నాను, అదే స్థిరపడిపోయింది. పిల్లనివ్వడానికి ఆయనకు అసలు కూతురే లేదని తర్వాత తెలిసింది.

ఇక పెన్నుల సంగతి. మా దగ్గర ఎవరు రిటైరైనా, ఎవరు ఉద్యోగం మాని వెళ్ళిపోయినా ఆయన చేత్తో చేసిన చెక్క పెన్ను ఒకటి ఇచ్చి పంపేవాళ్ళం. ఏ మనిషికి ఏ చెక్కన్నది ఆయనే తేల్చేవాడు. పెట్టెలో పెన్నుతో పాటు ఒక చీటీ పెట్టేవాడు, ఈ చెక్కే ఎందుకో రెండు మూడు వాక్యాల్లో రాసి. వీడ్కోలు మీటింగులో మేనేజరు ఆ చీటీని పైకి చదవాలి. నిజం చెప్పాలంటే మేం ఆ మీటింగులకు వెళ్ళేది ఆ చీటీ వినడానికే. మిగతా ఉపన్యాసాలు ఎవరికి కావాలి?

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనకు ముక్కు మీద కోపం. ఆయనకు తుమ్మ చెక్క ఇచ్చాడు. "దగ్గరికెళ్తే ముళ్ళు. బండి చక్రం చెయ్యాలంటే మాత్రం దీని దగ్గరికే వెళ్ళాలి" అని రాశాడు. పెద్దాయన ఏడ్చాడు, ఏడుస్తున్నందుకు అందర్నీ తిట్టాడు. క్యాంటీన్ వంటాయనకు చింత. పాతికేళ్ళు అందరి సణుగుడూ ఆయన మీదే పడింది కదా, "ఎన్ని కత్తివేట్లు పడ్డా చీలనిది" అని చీటీ. మందుల గది నర్సమ్మకు వేప ఇచ్చినప్పుడు ఎవరికీ వివరం చెప్పనక్కర్లేకపోయింది. ఇక పర్చేజ్ ఆఫీసరు. ఆయన్ని మునగ చెట్టు ఎక్కించనివాడు మా ఆఫీసులో లేడు. మునగతోనే పెన్ను చెయ్యి మామా అని మేమంతా వెంటపడితే, "అది లేతు మీద నిలవదు అల్లుడూ, పొడైపోతుంది" అని వెదురుతో చేశాడు. "తేలిక. ఏ గాలి వస్తే ఆ వైపు అందంగా వంగుతుంది" అన్న చీటీ విని ఆఫీసరు ఎంత సంతోషించాడంటే, దాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు.

చెక్క తేల్చే ముందు ఆయన ఆ మనిషితో పనిచేసినవాళ్ళ దగ్గరకు వచ్చి మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎప్పుడూ అవే మూడు. కోపం వస్తే ఏం చేస్తాడు? ఎవరి ముందు గొంతు తగ్గిస్తాడు? ఒక రోజు రాకపోతే ఏ పని ఆగిపోతుంది? మూడో ప్రశ్న దగ్గర ఆయన కళ్ళు మన మొహం మీదే ఉండేవి. మొదటి రెండింటికీ ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు, మూడోదానికి ఆలోచించాలి అనేవాడు.

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు నుంచీ ఆయన ఒక మాట అంటుండేవాడు, నవ్వుతూనే. "నాకు ఏ చెక్క అంటారో చూడాలని ఉంది అల్లుడూ. నేను మాత్రం చెప్పను, మీరే తేల్చాలి." మేం కూడా నవ్వేవాళ్ళం. ఇంకోసారి, ప్యాటర్న్‌కు మెరుగు పెడుతూ, తలెత్తకుండా అన్నాడు. "టేకు ఇస్తే సంతోషిస్తాను గానీ, అది అందరికీ ఇచ్చేదే. ఒక్కడైనా కూర్చుని ఆలోచించాడని తెలిస్తే చాలు, ఏ చెక్కయినా ఒకటే." ఆ రోజు మాత్రం ఆయన నవ్వలేదు. అది నేను చూశాను. చూసి, టీకి ఆలస్యమవుతోందని వచ్చేశాను.

ఆయన రిటైరయ్యే నెల రానే వచ్చింది. ఏం ఇద్దామని మేనేజరు అడిగితే గోడ గడియారమని ఒకరు, సూట్‌కేసని ఒకరు అన్నారు. అప్పుడు నా బుర్రలో ఆ మహత్తరమైన ఆలోచన పుట్టింది. ఆయన పెన్ను ఆయన చేతే చేయిద్దాం, ఆయనకే తెలియకుండా. హెడ్ ఆఫీసులో ఎవరో రిటైరవుతున్నారని చెబితే సరి. అందరూ బాగుంది బాగుందన్నారు. ఆ పూట నన్ను కూడా బాగానే మునగ చెట్టు ఎక్కించారు.

నేను వెళ్ళి చెప్పాను. మేస్త్రి వెంటనే చేతులు తుడుచుకుని స్టూలు జరుపుకున్నాడు.

"నేనెరగని మనిషి కదా, నువ్వే చెప్పాలి. కోపం వస్తే ఏం చేస్తాడు?"

నేను జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళలేదు. మేనేజరు గది నుంచి ఏదో ఫైలు కోసం నాకు పిలుపు వచ్చి ఉంది, కాళ్ళు అటే లాగుతున్నాయి.

"కోపమా? ఆయనకి కోపం రావడం ఎవరూ చూడలేదట మామా."

"ఎవరి ముందు గొంతు తగ్గిస్తాడు?"

"అందరి ముందూ. నోట్లో నాలుక లేని మనిషి."

"రాకపోతే ఏ పని ఆగుతుంది?"

"ఏదీ ఆగదు మామా. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను ఆ మనిషిని కల్పించలేదు. కల్పించడానికి తీరిక ఎక్కడిది? ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాణ్ణి చూస్తూ, నోటికి వచ్చింది చెప్పేశాను.

ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎన్నేళ్ళ సర్వీసు?"

"ముప్పై ఒకటి."

"నా అంతే." ఉలి తీసి పదును చూశాడు, మళ్ళీ పెట్టేశాడు. "ముప్పై ఒక్కేళ్ళు ఒక మనిషితో పనిచేసి ఇదా చెప్పేది? వాళ్ళకి నోరెలా వచ్చింది?"

"వాళ్ళు అంతే మామా" అన్నాను, గుమ్మం దాటుతూ.

నాలుగు రోజులైనా ఆయన చెక్క తేల్చుకోలేదు. ఎప్పుడూ అలా జరగలేదు. అయిదో రోజు నా బల్ల దగ్గరకు వచ్చి, అడగకుండానే చెప్పుకున్నాడు.

"అలాంటి మనిషికి గొప్ప చెక్క ఇస్తే అబద్ధమవుతుంది. తక్కువ చెక్క ఇస్తే ఎగతాళి చేసినట్టుంటుంది. పడుకుంటే ఆయనే గుర్తొస్తున్నాడు అల్లుడూ, మొహం కూడా తెలియదు నాకు."

చివరికి ఏం చేస్తున్నాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పెన్ను ఇంటికి తీసుకుపోయి సాయంత్రాలు కూర్చుని చేశాడట. పన్నెండు రోజులు పట్టింది. తుమ్మకు పట్టింది మూడే రోజులు. తెచ్చి నా చేతిలో పెట్టాడు, పెట్టెకు నాలుగు వైపులా టేపు అంటించి. నేను విప్పి చూడలేదు. ఎవరికైనా ఆయన మంచే రాస్తాడన్న ధీమా. ఆయన అడిగినవాటికి నేను ఏం చెప్పానో అప్పటికే మరిచిపోయాను కూడా.

మీటింగు క్యాంటీన్ హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, ఒక్కొక్కరికి నాలుగేసి బిస్కెట్లు. ముందు వరసలో మేస్త్రి, పక్కన ఆయన భార్య. ఆమె ఇస్త్రీ మడత నలగని చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఆమెను నేను అత్తా అనేవాణ్ణి. మేస్త్రి మాటిమాటికీ బల్ల వైపు చూస్తున్నాడు. బల్ల మీద ఏముందో చూడాలని అంతమంది పెద్దవాళ్ళ మధ్య మెడ చాస్తున్న ఆయన్ని చూసి నాకు భలే సరదా వేసింది.

మేనేజరు పెట్టె పైకెత్తాడు. మేస్త్రి దాన్ని గుర్తుపట్టాడు. అది హెడ్ ఆఫీసుకు పోయి ఉండాలి కదా. ఆయన మొదట మేనేజర్ని చూశాడు, తర్వాత హాలంతా వెతికి నన్ను పట్టుకున్నాడు. నేను నవ్వుతున్నాను. ఎలా ఉంది మన తెలివి అన్నట్టు కనుబొమలు కూడా ఎగరేశాను.

మేనేజరు టేపు పీకి పెన్ను బయటికి తీశాడు. లేత గోధుమరంగు, అక్కడక్కడ మేకు దిగిన నల్లటి మచ్చలు. ఆ మచ్చల్ని దాచకుండా, వాటి చుట్టూ మెరుగు పెట్టి ఉంచాడు. అంత నునుపు ఆయన ఇంకే పెన్నుకూ తేలేదు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. మేనేజరు చీటీ విప్పి, హాజరు పిలిచే గొంతుతో చదివాడు.

"ఇది సామాను పెట్టెల చెక్క. ఏ చెట్టుదని ఎవరూ అడగరు. లోపలి వస్తువుకు దెబ్బ తగలకుండా చేరుస్తుంది, చేరాక దీన్ని పగలగొట్టి అవతల పారేస్తారు. ఈయన రాకపోతే ఏ పనీ ఆగదని నాతో చెప్పారు. ఈయన వచ్చినన్నాళ్ళూ ఏ పనీ ఆగలేదేమో, ఎవరైనా చూశారా?"

అలా చెప్పింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరో వెనక నుంచి, "తన గురించి తనే భలే రాసుకున్నాడే" అన్నారు. సగంమంది అలాగే అనుకున్నారని తర్వాత తెలిసింది, మేస్త్రి వినయం అని మెచ్చుకున్నారట.

అత్త మాత్రం చప్పట్లు కొట్టలేదు. పెన్ను ఆయన చేతిలోకి రాగానే వంగి చూసింది.

"ఇది మీరు ఇంట్లో చేసిందేగా? ఆ దిక్కులేని మనిషి కోసమని?"

"ఊరుకో" అన్నాడు ఆయన, మెల్లగా. "ఆయన దొరికాడు."

మాట్లాడమంటే లేచి, అందరికీ నమస్కారం అన్నాడు, కూర్చున్నాడు.

మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. వెళ్ళిపోయేవాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఈ కంపెనీలో తనది ఏదీ మిగిలి లేదని, కంపెనీది ఏదీ తన దగ్గర లేదని. గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు. నేను కాగితం జరిపాను. చెప్పాల్సిన మాటలు చాలానే పోగుచేసుకుని ఉన్నాను, సరదాకి చేశామని, మిమ్మల్ని ఉద్దేశించి కాదని. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం వేలితో చూపించాను.

"ఒక్కటి అడుగుతాను" అన్నాడు. "ఆ మూడో ప్రశ్నకి ఆలోచించి చెప్పావా, తొందరలో చెప్పావా?"

ఆలోచించానంటే అంతకన్నా ఘోరం లేదనిపించింది.

"తొందరలో చెప్పాను మామా."

ఆయన తల ఊపాడు. "అయితే ఉన్నదే చెప్పావు. అబద్ధానికైతే ఆలోచన కావాలి." అల్లుడూ అనలేదు. పెట్టెచెక్క పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు. ఇంకు ఆరేదాకా ఊది, కాగితం నా వైపు తిప్పి, వెళ్ళిపోయాడు.

అది శుక్రవారం. సోమవారం అందరికన్నా ముందే వెళ్ళి షెడ్డు వెనక ఆ గది ముందు నిలబడ్డాను. ఏదో ఒకటి ఆగాలని, ఎవరో ఒకరు వచ్చి మేస్త్రి ఏడీ అని కేకలెయ్యాలని నా ప్రాణం కొట్టుకుంది. సైరన్ మోగింది. కొలిమి రాజుకుంది. ఇసుక పనివాళ్ళు వచ్చి అరల్లోంచి ఆయన చేసిన ప్యాటర్న్‌లు తీసుకుని, తలుపు దగ్గరికి వేసి పోయారు. సాయంత్రానికి అరవై పంపులు లారీ ఎక్కాయి, రోజూ ఎక్కేవి కూడా అరవయ్యే.